అంబుయా సెకెసాయి వంశస్తుతి

మురేవా అనే ఊళ్లో ఎవరైనా ఏదైనా ఇస్తే, పుచ్చుకున్నవాళ్లు చప్పట్లు కొట్టి, ఇచ్చినవాళ్ల వంశస్తుతి చెప్పాలి. కోతి వంశానికి కోతి స్తుతి, జీబ్రా వంశానికి జీబ్రా స్తుతి. ఒట్టి చప్పట్లతో సరిపెడితే ఆ కృతజ్ఞత సగమే.

ఊరంతా అంబుయా, అంటే అవ్వ, అని పిలిచే సెకెసాయికి ఆ స్తుతి లేదు. వంశం తండ్రి నుంచి రావాలి. మలావీ నుంచి గని పనికి వచ్చిన ఆ మహానుభావుడు తన వంశమేదో చెప్పకుండానే గనిలో పోయాడు. ఎంబిరా చెక్క మీది ఇనుప మీటలు మీటుతూ ఆ చుట్టుపక్కల నలుగురిలో పాడిన మొదటి ఆడమనిషి ఆమే. రేడియోలో ఆమె గొంతు వింటూ ఎన్ని ఇళ్లలో పొయ్యి మీద కూర మాడిందో లెక్కలేదు. అయినా నలభై ఏళ్లుగా ఆమెకు దక్కినవి ఒట్టి చప్పట్లే.

ఇప్పుడు ఆమె బొటనవేళ్లు వంగడం లేదు. ఆదివారం మధ్యాహ్నం, అందరి ముందూ తన ఎంబిరాను శిష్యురాలు రాతిద్జోకు ఇచ్చేస్తానని కబురు పెట్టింది. అది విన్న దగ్గర్నుంచి రాతిద్జోకు ముద్ద దిగలేదు. పాట ఆమే నేర్పింది, బతుకు ఆమే చూపింది, ఇప్పుడు వాయిద్యమూ ఇస్తోంది. అంత ఇచ్చిన మనిషికి సగం కృతజ్ఞతేనా?

ఉండబట్టలేక ముసలి చెంజెరాయి దగ్గరికి పరుగెత్తింది. ఆడదాని చేతిలో ఎంబిరా తుప్పు పడుతుందని ఒకప్పుడు సెకెసాయి మొహం మీదే తలుపు వేసిన పెద్దమనిషి ఆయనే. వయసు ఆయన్ని కాస్త మెత్తబరిచింది.

"మా కోతి స్తుతి చెప్పుకోవే పిల్లా. ఇంకొకరు ఎక్కితే మా కొమ్మేం విరగదులే," అన్నాడు.

రాతిద్జో సంబరంగా వెళ్లి ఆ మాట అంబుయాకు చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

"డెబ్బై ఏళ్లు ఏ వంశమూ లేకుండానే బతికాను. ఇప్పుడు పోయి చెంజెరాయి చెట్టెక్కమంటావా? నాకు చప్పట్లు చాలు," అంది అంబుయా, వేరుశనక్కాయలు ఒలుస్తూ. చాలు అంటూనే గింజలను పొట్టు బుట్టలో పడేసింది. రాతిద్జో చూసింది. గింజలు ఏరిపెట్టి ఇంటికి వచ్చింది.

ఆదివారం అంబుయా వాకిలి జనంతో నిండిపోయింది. అంబుయా ఎంబిరాను శిష్యురాలి ఒడిలో పెట్టింది. రాతిద్జో మోకాళ్ల మీద కూర్చుని, అరచేతులు గుల్లగా వంచి అడ్డంగా కలిపి, మెత్తగా చప్పట్లు కొట్టింది. అందరూ అక్కడితో అయిపోయిందనుకున్నారు.

"దారి వంశపు తల్లీ," అంది రాతిద్జో. "వరదలో న్యాగుయి నది దాటుతూ, నువ్వు తడిసి ఎంబిరాను తడవనివ్వని తల్లీ. తలుపు మూస్తే కిటికీ కింద కూర్చుని పాడిన తల్లీ. నా మొద్దు వేళ్లను తిట్టి తిట్టి దారిలో పెట్టిన తల్లీ. నీ చేతి నుంచి పుచ్చుకున్నాను."

వంశస్తుతిని తాతముత్తాతలు ఇస్తారు గానీ, నిన్నమొన్నటి పిల్ల కట్టడం ఎవరూ ఎరగరు. అందరూ చెంజెరాయి వైపు తిరిగారు. ఆ తలుపూ, ఆ కిటికీ ఆయనవే.

ముసలాయన టోపీ తీశాడు. కర్ర పక్కన పెట్టి, కష్టపడి నేల మీద కూర్చుని, అరచేతులు చాచి చప్పట్లు కొట్టాడు.

"దారి వంశపు తల్లీ," అన్నాడు. "వానలో న్యాగుయి దాటిన తల్లీ..."

స్తుతి వినేటప్పుడు ఎటు చూడాలో అంబుయాకు తెలియలేదు. ఇన్నేళ్లలో ఆ అవసరం రాలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"వాన కాదయ్యా, వరద," అంది. "నా స్తుతి నువ్వు తప్పు చెబితే ఊరుకోను. మొదటి నుంచి చెప్పు."

ఆయన మొదటి నుంచి చెప్పాడు.