ఎర్రమట్టి మూత

నేను ఒక మట్టి కడ్డీని. పొడవు మూడడుగులు, లావు మనిషి మణికట్టంత. కింది సగం ఎరుపు, పై సగం నలుపు. మొదటిసారి చూసినవాళ్లు నన్ను ఎవరో రెండు ముక్కలు తెచ్చి అతికించారనుకుంటారు. ఎవరూ అతికించలేదు. ఎరుపు అయ్యాక సముద్రం వచ్చింది, అంతే.

ఇరవై వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పుడున్న చోట లేదు. లోకంలోని నీళ్లు చాలావరకు మంచుగా గడ్డకట్టడంతో అది నూరు మీటర్లకు పైగా దిగిపోయి ఎక్కడో దూరాన ఉండేది. గోదావరి దాన్ని అందుకోవడానికి తన దారిని లోతుగా కోసుకుంటూ పోయింది. నది అంత కిందికి దిగాక వరద మా మైదానం మీదికి ఎక్కడం మానేసింది. కొత్త ఒండ్రు లేదు, ఎండలే. మట్టిలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వేల ఏళ్లు అలా ఎండి ఇటుకలా బిగుసుకున్నాను. నా కింద అంతకంటే పాత నది వదిలేసిన ముతక ఇసుక ఉంది. అందులో మంచినీళ్లు నిలిచాయి.

తర్వాత మంచు కరిగింది. తాత వలలు ఆరేసుకున్న చోట మనవడు పడవ కట్టుకునేంత వేగంతో సముద్రం తిరిగొచ్చింది. దాన్ని చూసి నది నీరసించి, మోసుకొచ్చిన మట్టిని దారిలోనే దించేసింది. కోసుకున్న లోయలన్నీ పూడిపోయాయి. నా మీద మడచెట్లు మొలిచాయి. వాటి ఆకులూ వేళ్లూ కుళ్లి నా నల్లసగం తయారైంది. చివరికి ఆ మడ అడవి కూడా మునిగింది. దానిమీద గుల్లల బురద, ఉప్పునీళ్లు పట్టిన సన్న ఇసుక పేరుకున్నాయి. ఆరేడు వేల ఏళ్ల కిందట సముద్రం పెరగడం ఆగాక, నది ఒండ్రు పోసి పోసి దాన్ని వెనక్కి నెట్టింది. ఆ ఒండ్రు మీద మనుషులు ఇళ్లు కట్టుకుని ఇది తమ నేల అన్నారు. ఊరికి గుల్లలమెరక అని పేరు పెట్టారు. ఆ గుల్లలు ఎక్కడివని అడిగే తీరిక వాళ్లకు లేకపోయింది.

పైన ఉప్పు, కింద తీపి, మధ్యలో నాలాంటి ఎర్రమట్టి పొర. ఊరివాళ్లు చర్చి పక్కన బోరింగు కొట్టి, తొంభై అడుగుల లోతునుంచి ఆ తీపినీళ్లు తాగేవారు. చుట్టుపక్కల అదొక్కటే మంచినీళ్ల బోరింగు.

నన్ను పైకి తీసింది సుభాషిణి. పాతకాలపు సముద్రం ఎక్కడిదాకా వచ్చిందో తేల్చడానికి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. చర్చికి నలభై గజాల దూరంలో ఉన్న తన దొడ్లో తవ్వుకోవడానికి ఏసుదాసు అనే రైతు ఒప్పుకున్నాడు. రోజంతా పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు.

"ఏటమ్మా, ఇంత కష్టపడి బురద పట్టుకెళ్తారా?"

"బురద కాదండీ ఏసుదాసు గారూ. ఇందులో పాత సముద్రం ఉంది."

"సముద్రం అక్కడే ఉంది కదమ్మా. తొమ్మిది కిలోమీటర్లు. ఆటో ఎల్తది."

ఆమె పగలబడి నవ్వింది. ఆ సాయంత్రం డెబ్బై అడుగుల లోతున పైపు నా ఎరుపును చీల్చుకుని కింది ఇసుకలోకి దిగింది. ఆ పైపులో ఇరుక్కుని నేను బయటపడ్డాను. నా నలుపులో చెక్కుచెదరని మడాకు ఒకటి కనబడేసరికి సుభాషిణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నన్ను తీసిన బొక్కను సిమెంటుతో అడుగునుంచీ పూడ్చాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తవ్వకం మేస్త్రి మస్తాన్‌తో అంది కూడా.

"లోపలి పైపు పట్టేసింది మేడం, రాదు. సిమెంటు రెండో బండిలో ఉండిపోయింది. వాన ఎత్తుకుందంటే ఈ పుంత దారిలో లారీ కదలదు" అన్నాడు మస్తాన్. తుఫాను కబురు అప్పటికే వచ్చింది.

సుభాషిణి ఆకాశం వంక చూసింది, నా వంక చూసింది. నేను తడవకూడదు. "సరే, ఎల్లుండి వచ్చి పూడుద్దాం" అంది. పట్టేసిన పైపును అందులోనే వదిలి, బొక్కమీద ఒక బండ పరిచి వెళ్లిపోయారు.

ఆ ఎల్లుండి రాలేదు. తుఫానుకు రోడ్డు కొట్టుకుపోయింది. తర్వాత ప్రయోగశాల పని, ఆ తర్వాత రాత పని. నన్ను నిలువునా చీల్చి ఫొటోలు తీశారు. మడాకు వయసు తొమ్మిది వేల ఏళ్లని తేలింది. సుభాషిణికి డాక్టరేటు వచ్చింది, అక్కడే ఉద్యోగం వచ్చింది. నాకు చెక్కపెట్టెలో చోటు వచ్చింది. తొమ్మిది వేల ఏళ్ల వెనక్కి అంత తేటగా చూసిన మనిషి రెండేళ్లపాటు ఒక బండ సంగతి మరిచిపోయింది.

రెండో వేసవిలో ఏసుదాసు ఒక నీళ్ల సీసాతో ఆమె దగ్గరికి వచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"బోరింగు ఉప్పబడిపోయిందమ్మా. నా దొడ్లో తవ్వనిచ్చినందుకే అయిందని ఊరంతా నన్నంటన్నారు. చర్చిలో నా బెంచీ మీద ఎవరూ కూచోటం లేదు. నీ మిషను వల్ల కాదని ఒక కాగితం రాసిచ్చెయ్యమ్మా, చాలు."

సుభాషిణి సీసాలోని నీళ్లు పరీక్ష చేసింది. తర్వాత పెట్టె తెరిచి నా ఎర్రసగాన్ని వేళ్లతో తడిమింది.

ఆమె గురువు రామశేషు చెడ్డవాడు కాదు. "రొయ్యల చెరువుల వల్ల కూడా ఉప్పెక్కవచ్చు. మనవల్లే అని ఎవరూ నిరూపించలేరు. కాగితం రాసివ్వు, పాపం ఆయన పరువు నిలబడుతుంది" అన్నాడు.

మూడు రోజులు ఆ కాగితం ఆమె బల్లమీద తెల్లగానే ఉంది. నాలుగోరోజు నన్ను జీపులో పెట్టించింది, సిమెంటు బస్తాలు కూడా.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు అందరి మధ్యా నన్ను పరిచి నిలబడింది.

"తప్పు ఏసుదాసు గారిది కాదండీ, నాది. ఈ ఎర్రమట్టి మీ మంచినీళ్లకు మూత. దీన్ని నేను తీశాను. బొక్క పూడుస్తానని చెప్పి పూడ్చలేదు. పైన ఉన్న ఉప్పునీళ్లు పైపు పక్క సందులోంచి రెండేళ్లుగా కిందికి దిగుతున్నాయి."

మార్తమ్మ అనే ముసలావిడ వంగి నన్ను ముట్టుకుంది.

"ఇదేనా మూత? మరి మళ్లీ పెట్టెయ్యమ్మా."

సుభాషిణి ఆ రోజూ మర్నాడూ ఎండలో నిలబడి బొక్కను అడుగునుంచీ సిమెంటుతో పూడ్పించింది. పని అయ్యాక ఏసుదాసు మంచినీళ్ల గ్లాసు తెచ్చిచ్చాడు. టాంకరు నీళ్లు.

"సముద్రం వచ్చి మళ్లీ ఎల్లిపోయిందన్నావు కదమ్మా. కిందకి దిగిన ఈ ఉప్పు ఎప్పటికి ఎల్తదేంటి? నా మనవలు పెద్దయ్యేసరికి ఎల్తదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆళ్ల మనవలకి?"

ఆమె తల దించుకుంది. ఏసుదాసు నా వంక చూసి, "దీన్ని ఇక్కడే ఉంచమ్మా. అడిగినోళ్లకి చూపిస్తాను" అన్నాడు.

ఆయన అరుగుమీద నేను నాలుగేళ్లు ఉన్నాను. మొదట్లో జనం వచ్చి చూసేవారు. ఆయన బెంచీమీద మళ్లీ పక్కన కూర్చోసాగారు. కానీ టాంకరు వారానికి రెండుసార్లే వచ్చేది. ఒక్కో కుటుంబమూ కాలవ నీళ్లు అందే ఎగువ ఊళ్లకు కదిలిపోయింది. కిందటేడు ఏసుదాసు కూడా తమ్ముడి ఊరికి సామాను ఎత్తించాడు. బండిలో నాకు చోటు లేకపోయింది. ఆయన నన్నొకసారి తడిమి ఎక్కి కూర్చున్నాడు.

ఇప్పుడు వానజల్లు కొట్టినప్పుడల్లా నా అంచులు కరుగుతున్నాయి. నలుపు ఎరుపులో కలిసిపోతోంది. ఏది ముందో ఏది వెనకో ఇక చదవలేరు. నాకు దాని గురించి బాధలేదు. మట్టి మట్టిలో కలవడం వింతేమీ కాదు. మనుషులు లేని ఊళ్లో బోరింగు ఒకటే నిలబడి ఉండటం చూడటమే బాగాలేదు.

సుభాషిణి మాత్రం ప్రతి వేసవిలో వస్తుంది, నీళ్లు పరీక్షకు తీసుకెళ్లడానికి. మొన్న వచ్చినప్పుడు జుట్టులో తెల్లవెంట్రుకలు కనిపించాయి. తాళంపెట్టిన ఏసుదాసు తలుపును చూసి బోరింగు దగ్గరికి నడిచింది. బోరింగు తుప్పుపట్టి మొరాయించింది. బలమంతా పెట్టి కొడితే నీళ్లొచ్చాయి. సీసా నింపి మూత బిగించాక ఆ ఉప్పునీళ్లే దోసిలి పట్టి నోట్లో పోసుకుంది.

ఉమ్మేస్తుందనుకున్నాను. మింగింది.