మగ్గం వాకిట్లో కార్లు

ఉదయశ్రీ గారి తెల్ల కారు తన చీరల కొట్టు ముందు నుంచి మూడోసారి వెళ్లిపోతుంటే మల్లేశ్వరి గుమ్మంలో నిలబడి చూసింది. మంగళగిరి బజారులో ఆ కారు ఆపడానికి జానెడు చోటు లేదు. ఒక పక్క మోటారు సైకిళ్లు, ఇంకో పక్క పళ్ల బళ్లు, వెనక హారన్లు. ఉదయశ్రీ అద్దం దించి, ఏం చెయ్యనన్నట్టు చెయ్యి ఊపింది. కాసేపటికి ఫోను చేసి, ఇక తిరగలేక విజయవాడ వెళ్లిపోతున్నామంది. కూతురి పెళ్లి చీరల కోసం చీమకుర్తి నుంచి వచ్చిన మనిషి. ఆమె కోసం పరుపు మీద పరిచిన చీరలన్నీ మల్లేశ్వరి మళ్లీ మడత పెట్టుకుంది.

ఇలా జరగడం మొదటిసారి కాదు. కార్లున్న వాళ్లు హైవే పక్కన పెద్ద షాపులకు పోతున్నారు. ఇరుకు బజారులో చిన్న కొట్లకు రావడం మానేశారు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లినప్పుడు ఆమె దృష్టి వాకిలి మీద పడింది. ఊరి చివర ఇల్లు. ఒకప్పుడు ఎనిమిది మగ్గాలు ఆడిన ఆ ఇంట్లో ఇప్పుడు మామగారు బుల్లయ్య మగ్గం ఒక్కటే మిగిలింది. నూలు సాగదీయడానికి వదిలిన పొడవాటి స్థలం ఖాళీగా పడి ఉంది. ఆరు కార్లయినా పడతాయి. జనం కార్లు ఇక్కడ పెట్టుకుని ఆటోలో కొట్టుకు వస్తారని ఆమె మామగారికి చెప్పింది.

బుల్లయ్యకు నచ్చలేదు. "దుమ్ము లేస్తుందమ్మాయ్. జరీ మీద పడితే ఏం కాను?"

"రోజూ నీళ్లు చల్లిస్తాను మామయ్యా. నెల రోజులు చూద్దాం. కుదరకపోతే మీరే గేటు మూసెయ్యండి."

ఆయన వెళ్లి మగ్గం గుంటలో దిగాడు. ఆయన కాదనలేదంటే సరేనన్నట్టే.

పక్క వీధి ఆదెయ్య ఆటో మధ్యాహ్నాలు బస్టాండులో ఊరికే నిలబడి ఉంటుంది. కొట్టుకు తీసుకొచ్చే కిరాయి తనే ఇస్తానని మల్లేశ్వరి అతనితో మాట్లాడుకుంది. తెలిసిన వాళ్లందరికీ ఫోన్లో మెసేజ్ పెట్టింది. మొదటి వారం ఒకే ఒక్క కారు వచ్చింది. అందులోంచి దిగినావిడ రెండు జాకెట్టు గుడ్డలు కొనుక్కుని వెళ్లిపోయింది. ఆ రోజు ఆదెయ్య కిరాయి తీసుకోలేదు. ముందు బేరం నిలబడనివ్వక్కా అన్నాడు.

రెండో వారంలో ఉదయశ్రీ మళ్లీ ఫోను చేసింది. విజయవాడలో ఏదీ మనసుకు ఎక్కలేదట. కారు పెట్టుకునే చోటుందని తెలిసి, బంధువులతో రెండు కార్లలో బయలుదేరింది. మల్లేశ్వరి కొట్టు ఊడిపించి, అగరొత్తులు వెలిగించి, పరుపు మీద కొత్త దుప్పటి పరిచింది. పదకొండింటికి కార్లు వాకిట్లో దిగాయని ఆదెయ్య ఫోన్లో చెప్పాడు. పన్నెండయినా ఎవరూ రాలేదు. ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. మామగారు ఏదో అని ఉంటారు, వాళ్లకు కోపం వచ్చి వెళ్లిపోయి ఉంటారు అనుకుంది. కొట్టుకు తాళం వేసి, దొరికిన ఆటో ఎక్కింది.

వాకిట్లో రెండు కార్లూ ఉన్నాయి. అరుగు కింద చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల మగ్గం చుట్టూ కార్లలో వచ్చిన ఎనిమిది మందీ చేరారు. పెళ్లికూతురు ధనశ్రీ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, సగం నేసిన ముదురాకుపచ్చ చీర అంచును కళ్లార్పకుండా చూస్తోంది. జరీ ఎలా అల్లుకుంటుందో బుల్లయ్య చూపిస్తున్నాడు. నలుగురిలో నోరు విప్పని మనిషి గంట నుంచీ మాట్లాడుతూనే ఉన్నాడట. ఆదెయ్య కూడా ఆటో సంగతి మరిచిపోయి గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు.

"ఈ చీర ఎవరికన్నా చెప్పారా తాతయ్యా?" అని అడిగింది ధనశ్రీ.

"లేదు తల్లీ. ఇంకా నాలుగు రోజులు పడుతుంది."

"అయితే నాకే కావాలి. పెళ్లికి ఇదే కట్టుకుంటాను."

మిగతా చీరలకైనా కొట్టుకు వెళదామని మల్లేశ్వరి అంటే ఎవరూ లేవలేదు. ఉదయశ్రీ నవ్వుతూ, అవేవో ఇక్కడికే తెప్పించమంది. ఆదెయ్య ఆటో బజారుకు రెండుసార్లు వెళ్లి, మనుషులకు బదులు చీరల మూటలు తెచ్చింది. సాయంత్రం దాకా ఆ అరుగు మీదే బేరం సాగింది. ఆడపెళ్లివారి చీరలన్నీ అక్కడే కుదిరాయి. ఆదెయ్యకు మల్లేశ్వరి ఆ రోజు కిరాయితో పాటు ఒక చీర కూడా ఇచ్చింది. ఇంట్లో చూపించడానికి అతను అప్పుడే పరుగెత్తాడు.

అయిదో రోజు ధనశ్రీ తన చీర కోసం తనే వచ్చింది. బుల్లయ్య పద్నాలుగో ఏట మగ్గం గుంటలో దిగాడు. అప్పటి నుంచీ నేసిందంతా షావుకారికో కొట్టుకో మూటలుగా వెళ్లిపోవడమే తప్ప, ఏ చీర ఎవరు కట్టుకున్నారో ఆయన ఎన్నడూ చూడలేదు. మగ్గం మీంచి చీర కోసి, ఆ పిల్ల భుజం మీద తనే కప్పాడు.

"ఒక్కసారి అటు నడిచి చూపించు తల్లీ," అన్నాడు.

ఆ వేళకు వాకిట్లో మరో మూడు కార్లు వచ్చి ఉన్నాయి. వాటి మధ్య నుంచి ధనశ్రీ గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగింది. మొదటిసారి కొంగు జారిందని రెండోసారి కూడా నడిచింది. బుల్లయ్య అరుగు మీద నిలబడి, తనివితీరా చూశాడు.