పదివికెట్ల బంతి

డాక్టర్ తోట వెంకటరత్నం ఇంగ్లండులో లీడ్స్ వచ్చిన ఐదేళ్లలో మూడు హాస్పిటళ్లు మారాడు, నాలుగు ఇళ్లు మారాడు. మారిన ప్రతిసారీ ఒక రేకు ట్రంకుపెట్టెను మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే మోసుకున్నాడు. అందులో భార్య నగలున్నాయేమోనని తోటి డాక్టర్లు చెవులు కొరుక్కున్నారు గానీ, ఉన్నవి ఇవి: చిమ్మటలు కొట్టిన క్రికెట్ క్లబ్బు టై ఒకటి. 1936 నాటి టీమ్ ఫోటో ఒకటి, అందులో ఎడమ చివర నిలబడ్డ నల్లటి మనిషి సమయానికి కదలడంతో మొహం అలుక్కుపోయింది. టీ మరకపడ్డ డిన్నర్ మెనూ కార్డు, దాని వెనక పన్నెండు సంతకాలు. పదకొండు ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో.

ఆ తెలుగు సంతకం పిల్లా గవర్రాజుది.

గవర్రాజు ఎవరని కాకినాడలో అడిగితే ఆ రోజుల్లో ఎవరైనా నవ్వి చెప్పేవారు. కాలేజీ గ్రౌండులో పిచ్‌కి నీళ్లు పెట్టి రోలరు లాగే మనిషి. వయసులో ఉండగా రేవులో ఒక కంపెనీ దొర అతని స్పిన్ బౌలింగ్ చూసి ముచ్చటపడి ఓడెక్కించి తన ఊరు పంపాడట. యార్క్‌షైర్‌లో ఒక మిల్లు క్లబ్బుకి ఒక వేసవంతా ఆడాడట. ఒక మ్యాచ్‌లో పదికి పది వికెట్లూ తనే తీశాడట. "ఆ బంతికి వెండి పట్టీ కట్టి నా పేరు చెక్కారు బాబూ" అని చెప్పేవాడు గవర్రాజు. "ఏదీ, చూపించు" అనేవాళ్లు కుర్రాళ్లు. గవర్రాజు అరచెయ్యి చాపి, బంతి పట్టుకున్నట్టు వేళ్లు ముడిచి, "అక్కడే ఉండిపోయిందండి" అనేవాడు. ఇక చూడాలి నవ్వులు.

అతనికి 'పదివికెట్ల గవర్రాజు' అని పేరు పెట్టింది మరెవరో కాదు, ఇంటర్ చదువుతున్న ఈ వెంకటరత్నమే. పేరు ఊరంతా పాకింది. చివరికి రేషను కొట్టువాడు కూడా "పదివికెట్లూ, సంచి పట్టు" అనే దాకా వచ్చింది. గవర్రాజు ఏనాడూ కోప్పడలేదు. పేరుపెట్టిన వాణ్ణి రత్నంబాబు అనే పిలిచేవాడు, నెట్స్‌లో వేళ్లు ఎలా తిప్పాలో ఓపిగ్గా నేర్పేవాడు.

అదే యార్క్‌షైర్‌లో ఉన్న లీడ్స్‌కొచ్చిన మొదటి చలికాలంలో వార్డులో ఒక ముసలి మిల్లు కార్మికుడు, ఊపిరాడక దగ్గుతూనే, "ఏ ఊరు డాక్టర్ మీది?" అన్నాడు. కాకినాడ అన్నాడు వెంకటరత్నం, తెలియదులే అనుకుంటూ. "మా గ్యారీ ఊరే!" అన్నాడు ముసలాయన. గ్యారీ అంటే గవర్రాజే. వాళ్ల మిల్లు క్లబ్బుకి ఆడాడు, పది వికెట్లూ తీశాడు. ఆ పూట వెంకటరత్నానికి అన్నం సయించలేదు. నిజం చెప్పిన మనిషిని ఊరంతటి చేతా అబద్ధాలకోరుని చేసిపెట్టింది తనే. అందుకు సిగ్గుపడ్డాడు, ఇప్పటికీ పడుతున్నాడు.

అప్పట్నుంచీ డ్యూటీ రోటాలో సెలవు దొరికిన ఆదివారమల్లా పాత సామాన్ల కొట్లూ, చర్చి హాళ్లలో అమ్మకాలూ గాలించాడు. ట్రంకులో టై, ఫోటో, మెనూ కార్డు అలా దొరికినవే. క్లబ్బు ఎప్పుడో మూతపడింది. స్కోరు పుస్తకాలు యుద్ధకాలంలో చిత్తుకాగితాల కింద పోయాయి. పది వికెట్లకి మిగిలిన సాక్ష్యం ఒక్కటే, ఆ బంతి. అదెక్కడుందో ఎవరికీ తెలియదు. విసిగి చివరికి 1968 ఏప్రిల్‌లో స్థానిక పేపర్లో నాలుగు లైన్ల ప్రకటన వేశాడు.

మూడో వారంలో జవాబొచ్చింది. ఆల్బర్ట్ క్లెగ్ అనే ఆయన, ఆనాటి వికెట్ కీపరు. "క్లబ్బు మూసినప్పట్నుంచీ బంతి నా దగ్గరే ఉంది, చలి కాచుకునే పొయ్యి పైన గూటి మీద. వచ్చి చూడండి."

వెంకటరత్నం ఆ సాయంత్రమే కాకినాడకి ఏరోగ్రామ్ రాసి పడేశాడు. "గవర్రాజు గారూ, బంతి దొరికింది. డిసెంబరులో వస్తున్నాను. తెచ్చి మీ చేతిలో పెడతాను. కాలేజీ గ్రౌండులో అందర్నీ పిలిచి మరీ పెడతాను."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది భార్య లక్ష్మీకుమారి, సామెతలో ఒక్క అక్షరం తగ్గించకుండా. "ముందు ఆయన ఇవ్వాలి గదండీ?"

"ఎందుకివ్వడు? ముసలాయనకి పిల్లల్లేరట."

ఆదివారం వెళ్లాడు. క్లెగ్ డెబ్బయ్యేళ్ల మనిషి, మునిసిపాలిటీవాళ్లు అద్దెకిచ్చే కౌన్సిల్ ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు. టీ పెట్టి, బిస్కట్లు పెట్టి, బంతి తీసి వెంకటరత్నం చేతిలో పెట్టాడు. తోలు నల్లబడింది గానీ కుట్టు చెక్కుచెదరలేదు. వెండి పట్టీ మీద పేరు, తేదీ, 29 పరుగులకి పది వికెట్లు. వెంకటరత్నానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

క్లెగ్ కాసేపు చూసి, "నీకు కావాలా డాక్టర్? తీసుకో" అన్నాడు.

ఐదేళ్ల వెతుకులాట, పదహారేళ్ల నాటి తప్పు, గ్రౌండులో చాచిన ఆ ఖాళీ అరచెయ్యి, అన్నీ కలిసి అవును అనడానికి గొంతు దాకా వచ్చాయి. వెంకటరత్నం నోరు మాత్రం, తల్లి కడుపులోంచి నేర్చుకొచ్చిన పాఠం అప్పజెప్పింది.

"నో, నో, మిస్టర్ క్లెగ్. అదెలా? ఇది మీది. మీ దగ్గరే ఉండాలి."

మన ఇళ్లల్లో ఇంకో రెండు గారెలు వేస్తానంటే చాలు చాలంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెడతాం. వడ్డించేవాళ్లు ఆ చేతి సందుల్లోంచే వేస్తారు. మొదటి వద్దు మర్యాదకి, రెండోది పద్ధతికి, మూడోసారి కళ్లకద్దుకుని పుచ్చుకుంటాం. వెంకటరత్నం ఆ రెండోసారి కోసం చెయ్యి చాపకుండా చాపినట్టు కూర్చున్నాడు.

"సరే మరి" అని క్లెగ్ బంతిని తీసి మళ్లీ గూటి మీద పెట్టేశాడు. పెట్టి నవ్వాడు. "విచిత్రంగా ఉంది సుమా. ఆ రోజు డిన్నర్లో గ్యారీకి ఇదే బంతి ఇవ్వబోతే అచ్చం ఇదే మాటన్నాడు. నో, నో, క్లబ్బు దగ్గరే ఉండాలన్నాడు. సరేనని ఉంచేశాం. మర్నాడు రైల్లో ఎందుకో బొత్తిగా మాట్లాడలేదు."

వెంకటరత్నం చేతిలో బిస్కట్టు సాసర్లో పెట్టేశాడు. ఎందుకు మాట్లాడలేదో ఈ యార్క్‌షైరంతటిలోనూ తెలిసినవాడు తనొక్కడే. కావాలి, దయచేసి ఇవ్వండి, అంటే అయిపోతుంది. మూడు ముక్కలు. రోజుకి నలభై మంది రోగుల్ని నోరు తెరవమనే మనిషికి తన నోరు పెగల్లేదు. పోనీ వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర మళ్లీ అడుగుతాడులే అనుకున్నాడు.

గుమ్మం దగ్గర క్లెగ్ అడగనే లేదు, పెరట్లో కోసిన రూబార్బ్ అనే పుల్లటి కాడలు ఒక కట్ట సంచిలో పెట్టి చేతిలో కుక్కేశాడు.

"బంతి ఏదండీ?" అంది లక్ష్మీకుమారి. సంచి తెరిచి చూసింది. జరిగింది విని నడుం మీద చేతులు పెట్టుకుంది. "మనం వచ్చిన కొత్తలో మీ పెద్ద డాక్టరు గారింట్లో చాలు చాలని లేచొచ్చి, ఇంట్లో చారన్నం తిన్నాం. గుర్తు లేదూ? ఈ దేశంలో రెండోసారి ఎవరడిగారు గనక! అడగందే అమ్మయినా పెట్టదు. ఉత్తరం రాయండి, ఇప్పుడే."

రాశాడు. మొదటిది మరీ అడుక్కున్నట్టుందని చింపాడు. రెండోది ఆజ్ఞలా ఉందని చింపాడు. నాలుగోది పోస్టు చేశాడు. అందులో రూబార్బ్‌కి కృతజ్ఞతలున్నాయి, క్లెగ్ ఆరోగ్యానికి సలహాలున్నాయి, వీలైతే మళ్లీ ఒకసారి బంతిని చూడాలనుందని ఒక వాక్యముంది. చూడాలని! మొహమాటానికి మందు ఏ ఫార్మసీలోనూ లేదు.

"ఎప్పుడైనా రా" అని జవాబొచ్చింది. రెండు ఆదివారాలు డ్యూటీ పడింది. మూడో ఆదివారం వెళ్లి కాళ్లమీద పడైనా అడుగుదామని గట్టిగా అనుకున్నాడు. శుక్రవారం హాస్పిటల్‌కి ఫోనొచ్చింది. క్లెగ్ మేనకోడలు డొరీన్. మామయ్య నిద్రలోనే పోయాడంది, సోమవారం దహనమంది, మీరొస్తే సంతోషిస్తాడంది.

క్రెమటోరియం హాల్లో పదిమంది లేరు. పూలు కప్పిన శవపెట్టె ముందుంది. డొరీన్ వచ్చి పక్కన కూర్చుని చెయ్యి నొక్కింది.

"ఆ బంతి మీకు అక్కర్లేదన్నారట. అప్పట్లో ఆ బౌలరూ అక్కర్లేదన్నాడట. ఎవరికీ అక్కర్లేకపోతే నాతోనే పంపించెయ్యి అన్నాడు మామయ్య, పోయిన వారమే. ఆయన చేతిలోనే పెట్టాం. మీకేం అభ్యంతరం లేదు కదా?"

ఇది రెండోసారి. ముప్పై రెండేళ్లుగా ఈ దేశంలో ఎవరూ అడగని రెండోసారి, నల్ల గౌను వేసుకుని, తడి కళ్లతో, పక్కనే కూర్చుని అడుగుతోంది. పెట్టె అక్కడే పది అడుగుల దూరంలో ఉంది. పెట్టెను మంటల్లోకి పంపేముందు మూసే తెర ఇంకా పడలేదు.

శవం చేతిలోది అడగడమా? కాకినాడలో చితిమీద పెట్టింది మళ్లీ తీస్తారా ఎవరైనా? ఆ ముసలాయన వేళ్లు విప్పి లాక్కోవాలా? గవర్రాజు అరచెయ్యి కళ్లముందు మెదిలింది.

"నో, నో" అన్నాడు వెంకటరత్నం. "నాకేం అభ్యంతరం లేదు."

డొరీన్ థాంక్యూ అంది. ఆర్గన్ మోగింది. తెర మెల్లగా మూసుకుంది. వెంకటరత్నం ఏడ్చాడు, సిగ్గు లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు. ఈ ఇండియన్ డాక్టరుకి ఆల్బర్ట్ అంటే ఎంత అభిమానమో అని వెనక వరసలో ఎవరో మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కాకినాడ ఏరోగ్రామ్ పడి ఉంది. లక్ష్మీకుమారి విప్పి, దీపం కింద పెట్టుకుని చదివింది.

"రత్నంబాబు గారికి గవర్రాజు నమస్కారాలండి. మీ ఉత్తరం అందిందండి. కళ్లు ఆనక మేష్టారి చేత మూడుసార్లు చదివించుకున్నాను. అరవై దాటినోణ్ణి, ఇప్పుడు బంతితో నేనేం చేసుకుంటాను బాబూ. అంత దూరం నుంచి మోసుకురావడం మీకు శ్రమ. వద్దండి, నాకక్కర్లేదు. మీరు కనుక్కున్నారు, అదే పదివేలు. మావాడి చేత గోడలో గూడు ఒకటి ఖాళీ చేయించి సున్నం వేయించాను, ఊరికేనండి. మీరు సల్లగా ఉండాలి."

లక్ష్మీకుమారి ఉత్తరం మడిచింది. మళ్లీ విప్పింది.

"వద్దంటున్నాడు గదండీ" అంది, తన మాట తనకే నమ్మకం లేనట్టు.

వెంకటరత్నం కోటైనా విప్పకుండా ట్రంకుపెట్టె మీద కూలబడ్డాడు.

"నేనూ వద్దనే అన్నాను లక్ష్మీ" అన్నాడు.