కొండలు బదులిచ్చిన నగారా

నేను ఒక నగారాను. ఇత్తడి ఒళ్ళు, దున్నపోతు తోలు మొహం. ఇద్దరు మనుషులు చేతులు బారజాపితే గాని నా చుట్టుకొలత అందదు. విశాఖపట్నం జిల్లాలో, కొండల అంచున, నీలగెడ్డ అని ఒక చిన్న జమీందారీ ఉండేది. దాని కోటగుమ్మం మీది గదిలో నా కాపురం.

నలుగురు కంచరివాళ్ళు రెండు నెలల పాటు సుత్తులతో బాది నన్ను తయారు చేశారు. పుట్టింది మొదలు దెబ్బలే. అయినా నాకు ఫిర్యాదు లేదు, దెబ్బ తినడమే నా ఉద్యోగం. కొట్టేది ఎవరన్నదే మనుషుల గొడవ. కుంపిణీ పోయి రాణీగారి దొరతనం వచ్చిందని చాటిన నాడు కూడా నన్నే వాయించారు. జనం చేతులు కట్టుకుని విన్నారు. మర్నాడు అదే బంట్రోతు, అదే గద్దింపు. రాజ్యాలు మారడం అంటే ఇంతేనా అనుకున్నాను. అది నా తెలివితక్కువ.

నన్ను వాయించే హక్కు పోలయ్యది. దానికి బదులుగా వాళ్ళ వంశానికి రెండు చెక్కల భూమి ఇచ్చారు. పొద్దున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి, ముప్ఫై ఏళ్ళు అతని చేతి దెబ్బ తిన్నాను.

నీలగెడ్డలో ఒక ఆచారం ఉండేది. దొర చనిపోతే నా మొహం గోడవైపు తిప్పేస్తారు. వారసత్వానికి వచ్చినవారు తమ చేత్తో నన్ను కొట్టాలి. మూడు దెబ్బలకు మించి అవకాశం లేదు. ఆ మోత విని, ఎదురుగా ఉన్న ఆరు కొండల మీద ఆరుగురు నాయకులు పచ్చి ఆకులు తగలబెట్టి పొగ లేపాలి. పొగ లేస్తే ఒప్పుకున్నట్టు. లేవకపోతే ఎన్ని పట్టాలు చూపించినా ఆ మనిషి కొండలకు దొర కాడు.

ఢిల్లీలో దర్బారు చేసి, విక్టోరియా రాణీగారిని హిందూదేశానికి చక్రవర్తినిగా చాటిన మరుసటి ఏడాది, ఆషాఢంలో, మా దొర కన్నుమూశాడు. పిల్లలు లేరు. మిగిలింది ఆయన భార్య చెల్లాయమ్మ. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. ఘోషా దాటి ఎరగదు. పెద్దకర్మ అయిన మర్నాడే దివాను కామేశం పంతులు ఒక కాయితం పట్టుకుని తెర ఇవతల నిలబడ్డాడు.

"అమ్మగారూ, సర్కారు వారి దగ్గర్నించి తాఖీదొచ్చింది. ఆడవారు ఎస్టేటు చూసుకోలేరు గనక సర్కారే అజమాయిషీ చేస్తుందిట. అయిదు రోజుల్లో సర్కారు దొరగారొస్తారు."

తెర వెనకనుంచి అమ్మగారి గొంతు వినిపించింది.

"ఎవరి పేరు మీదొచ్చింది పంతులుగారూ?"

"చక్రవర్తిని గారి పేరు మీదండి."

"ఆవిడ ఆడదేనా?"

పంతులు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె నన్ను కొడతానంది. దొర రాకముందే కొండలు తనను ఒప్పుకుంటే, ఎస్టేటు తీసుకునేవాడు కనీసం ఎవరి దగ్గర తీసుకుంటున్నాడో తెలుసుకుని తీసుకుంటాడు అంది. దానికి పంతులు నా తోలు సంగతి ఎత్తాడు. వాన ముసురుకు నా తోలు సాగి, తడిసిన గోనెలా ఉంది. ఆడకూతురి చేతికి అది పలుకుతుందా? ఆయన ఒక ఉపాయం చెప్పాడు. అమ్మగారు కర్ర ముట్టుకుంటే చాలు, చాటునుంచి పోలయ్య కొడతాడు.

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "ఒద్దు బాబూ. ముప్పయ్యేళ్ళ బట్టి నా దెబ్బ ఇంటన్నారు ఆ కొండలోళ్ళు. ఇది పోలిగాడి సెయ్యని పసిగట్టరా? అమ్మగోరి పరువు నా మూలాన పోతాది. తోలు సంగతి నాకొగ్గీయండి, కొట్టడం ఆరే కొట్టాల."

రెండు రోజులు అతను నన్ను పసిబిడ్డలా చూసుకున్నాడు. గడ్డి నిప్పుల సెగకు తోలు కాచి, ఆముదం రాసి, వార్లు తడిపి పళ్ళు బిగించి లాగాడు. మూడో రోజుకు వాన వెలిసింది.

ఆమె మెట్లెక్కి వచ్చింది. కింద కోటముందు నలభై ఊళ్ళ పెద్దలు తలలెత్తి చూస్తున్నారు. ఆమె మొహం వాళ్ళు చూడటం అదే మొదలు. మొదటి దెబ్బ జారి ఇత్తడి అంచుకు తగిలింది. గిన్నె పడ్డట్టు ఖంగుమంది. కింద ఎవరో నవ్వాపుకోలేకపోయారు. పంతులు కళ్ళు మూసుకున్నాడు.

"భుజం కాదమ్మా," పోలయ్య నేలకేసి చూస్తూ గొణిగాడు. "నడుము. పొత్రం ఎత్తినట్టు."

ఆమె ముసుగు తీసి, కొంగు నడుముకు బిగించి, రెండు చేతులతో కర్ర ఎత్తింది.

నేను దెబ్బల్లో పుట్టి దెబ్బల్లో పెరిగిన దాన్ని. అయినా ఆ దెబ్బ గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు మాట కుదరదు. నాలో అంత గొంతు ఉందని నాకే తెలియదు. గోడల సున్నం రాలింది. మోత లోయలో దిగి, అవతలి కొండను తాకి, తిరిగి వచ్చింది. అందరూ కొండల వైపు తిరిగారు.

నడిమి కొండ మీద సన్నగా ఒక పొగ లేచింది. దాని పక్కన ఇంకొకటి. తూర్పున రెండు. దూరాన నీలం రంగు కొండ మీద అయిదోది. ఆరోది రాలేదు. ఆమె మూడో దెబ్బ కొట్టలేదు. కర్ర దించి అలాగే నిలబడింది. చాలాసేపటికి, అందరూ ఆశ వదులుకున్నాక, పడమటి కొండ మీద కూడా తెల్లగా తీగ సాగింది. కింద నవ్వినవాళ్ళతో సహా అందరూ చేతులు జోడించారు. ఎవరూ చెప్పకుండానే.

రెండు రోజులకు తెల్లదొర వచ్చాడు. పొగల సంగతి అప్పటికే విన్నాడు. మంచివాడే పాపం, అందరినీ నవ్వుతూ పలకరించాడు. కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, ఆచారం ప్రకారం తానే నన్ను కొడతానన్నాడు. పోలయ్య ఏమీ దాచుకోలేదు, తోలు కాచి, వార్లు బిగించి ఇచ్చాడు. దొర ఆరడుగుల మనిషి. మూడు దెబ్బలూ అదిరిపోయేలా కొట్టాడు. నిజం చెప్పాలంటే మా చెల్లాయమ్మ దెబ్బకంటే పెద్ద మోత.

కొండలన్నీ శుభ్రంగా, పచ్చగా, కదలకుండా ఉన్నాయి.

దొర గడియారం చూసుకున్నాడు. వాళ్ళకు వినపడలేదేమో కనుక్కోమని పంతులుతో అన్నాడు. పంతులు పోలయ్యను అడిగాడు.

"ఇనబడింది బాబూ."

"మరి పొగేదిరా?"

"ఇనబడబట్టే నేదు."

పంతులు దొర వైపు తిరిగి, "వానలకి కట్టెలన్నీ తడిసిపోయాయంటున్నాడండి," అన్నాడు.

రెండు రోజులుగా ఎండ పెళ్ళున కాస్తోంది. దొర నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆకాశం చూశాడు. పంతులును చూశాడు. తరువాత మెల్లగా తల ఊపి, అదే మాట రిపోర్టులో రాయించాడు.

ఎస్టేటు సర్కారు చేతికి పోయింది. పోదని ఎవరూ అనుకోలేదు. పోలయ్య భూమీ పోయింది. తుపాకులు పట్టుకుని జవాన్లు కొండలెక్కారు, పన్ను కొండ దిగి సర్కారు కచేరీకి చేరింది. చెల్లాయమ్మ కోట వెనకవైపు రెండు గదుల్లో పంతొమ్మిదేళ్ళు బతికింది. ఏటా కందులు కోతకొచ్చినప్పుడు కొండల నుంచి మొదటి చేట ఆ వాకిట్లోకే వచ్చేది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఆపలేకపోయారు.

ఆ పంతొమ్మిదేళ్ళలో, ఆ మొదటి దొర తరువాత, ఎనిమిది మంది దొరలు మారారు. ప్రతివాడూ మెట్లెక్కి నా దగ్గరికి వచ్చాడు. సముద్రాల మీద ఓడలు, దేశమంతా రైళ్ళు, తంతి తీగలు, అన్నీ వాళ్ళవే. నా తోలు మీద అరచెయ్యి ఆనించేవారు, పక్కనున్న కర్ర చూసేవారు, కిటికీలోంచి కొండలు చూసేవారు. కర్ర ఎత్తిన మగాడు ఒక్కడూ లేడు.