మంచి శుక్రవారం నాటి ఫొటో

అలీని టైసన్ కొడతాడా, టైసన్‌ని అలీ కొడతాడా అన్న తగువు హన్నమ్మ పునుగుల బండి దగ్గర ఏళ్ళ తరబడి తెగకుండా నడుస్తోంది. తాడేపల్లిగూడెం బస్టాండు ఎదుట సాయంత్రం పూట ఆవిడ మూకుడు పొయ్యెక్కించడమే ఆలస్యం, బాక్సింగ్ క్లబ్బు కోచ్ అనిల్ కుమార్ వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. ఆటో బాబీ ఆటో పక్కన పెట్టి అతనికి ఎదురు నిలబడేవాడు.

"ఇద్దరూ మంచి ఊపు మీదున్నప్పుడు దిగారనుకోండి. టైసన్ దగ్గరికొచ్చి ఒక్కటిచ్చుకుంటే అలీ మళ్ళీ లేస్తాడాండీ?" అనేవాడు బాబీ.

"దగ్గరికి రానిస్తే కదయ్యా! ఆ కాళ్ళు చూశావా? వీడు కొట్టేసరికి వాడు అక్కడుంటేగా!"

"ఎంతసేపు తిరుగుతాడండీ? రింగుకి నాలుగు పక్కలా తాళ్ళున్నాయి కదా!"

హన్నమ్మ చిల్లుల గరిటెతో పునుగులు తిప్పుతూ నవ్వుకునేది. ఒకరు దిగిపోయాక ఒకరు పైకొచ్చిన మనుషులు. ఎన్నడూ ఎదురుపడనివాళ్ళని పట్టుకొచ్చి తన బండి ముందు కొట్టించడం ఈ పెద్దమనుషులకి ఏం సరదానో! కొట్టుకోనీ. వాళ్ళలో ఎవరు పడినా, ఎవరు లేచినా తనకేమవుతారు గనక?

ఒకనాడు ఆ తగువు దారి మళ్ళింది.

"దూరపువాళ్ళ గొడవ మనకెందుకులే బాబీ. మనవాళ్ళనే దింపేశాం!" అంటూ అనిల్ కుమార్ ఫోన్ తీశాడు. "పిన్నిగారూ, ఇలా రండి. ఆదివారం ఏలూరులో క్లబ్బు వార్షికోత్సవం కదండీ, పెద్ద తెర మీద వేస్తున్నాం. బాబాయిగారు ఎలా ఉన్నారో చూడండి!"

హన్నమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని వంగి చూసింది. ఫోన్లో నిత్యానందం రింగులోకి దిగుతున్నాడు. ఆవిడ పెనిమిటి. పోయి ఐదేళ్ళయిన మనిషి పాతికేళ్ళ వయసులో గ్లౌజులు తొడుక్కుని కదులుతున్నాడు. హన్నమ్మ ఇంకాస్త దగ్గరికి వంగింది.

అవతల మూల నుంచి ఉంగుటూరు సత్తిరాజు వచ్చాడు. అతనూ పాతికేళ్ళవాడే. గంట మోగింది. కాసేపు తిరిగారు. రెండో రౌండులో సత్తిరాజు ఎడమ చేత్తో ఒక్కటి కొట్టాడు. నిత్యానందం బోర్లా పడ్డాడు. రిఫరీ లెక్కపెడుతున్నాడు. జనం ఈలలు వేస్తున్నారు. నిత్యానందం లేవలేదు.

"అబ్బో! రెండో రౌండేనా?" అన్నాడు బాబీ.

"ఎవరు పడుకోబెట్టమన్నారయ్యా మా ఆయన్ని?" అంది హన్నమ్మ.

ఆ గొంతు విని బాబీ రెండడుగులు వెనక్కి వేశాడు. అనిల్ కుమార్ మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మేం కాదండీ, కంప్యూటరే తేల్చింది. ఇద్దరి ఫొటోలూ, ఎత్తూ బరువూ ఇచ్చామంతే. పక్షపాతమేం లేదండీ."

"ఏ ఫొటో ఇచ్చారు?"

అతను చూపించాడు. నిత్యానందం చొక్కా లేకుండా తూకం మిషను మీద నిలబడి ఉన్నాడు. చెంపలు పీక్కుపోయాయి. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. వెనకాల చేతులు కట్టుకుని సత్తిరాజు.

హన్నమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ ఫొటో ఏనాటిదో ఆవిడకి తెలుసు. ఊరందరికీ తెలుసు. జిల్లాలో హెవీవెయిట్ అంటే ఈ ఇద్దరే అన్న రోజుల్లో, ఇద్దరికీ పోటీ పెట్టి, తూకానికి మంచి శుక్రవారం పొద్దున రమ్మన్నారు. సెలవు రోజు కదా అనుకున్నారు పెట్టినవాళ్ళు. నిత్యానందానికి ఈస్టరు ముందు శ్రమదినాల ఉపవాసం. నలభై రోజులూ పగలు పచ్చి మంచినీళ్ళు, పొద్దుగూకాక ఒక్క పూట గంజి. ఆ రోజైతే నీళ్ళు కూడా లేవు. మిషను ఎక్కితే హెవీవెయిట్‌కి కావలసిన బరువు లేడు. పోటీ పెట్టినవాళ్ళు మంచివాళ్ళే, నాలుగు అరటిపళ్ళు తిని, కడుపు నిండా నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కమన్నారు. గుడిలో ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన అయ్యేదాకా ఏమీ ముట్టనన్నాడు ఆయన. ఆరాధన ముగించుకుని వచ్చేసరికి తూకం వేళ దాటిపోయింది, పోటీ రద్దయింది. మరుసటేడు సత్తిరాజుకి భుజం జారింది. ఇంక ఇద్దరూ ఎదురుపడిందే లేదు.

నిత్యానందం భయపడ్డాడన్నారు. తప్పించుకోవడానికే కడుపు మాడ్చుకున్నాడన్నారు. బతికినన్నాళ్ళూ ఆయన ఆ మాట విన్నాడు. విని ఊరుకున్నాడు. ఇప్పుడు తెర మీద పడుకోబెడతారట!

"ఇదా ఊపు? నలభై రోజులు పస్తున్న మనిషిని తీసుకెళ్ళి, ఇదిగో మంచి ఊపు మీదున్నాడని దింపుతారా? ఆయన్ని క్రిస్మస్ నెలలో చూడాలయ్యా! కొల్లేరు కొరమేను పులుసుతో కుండెడు అన్నం తిని, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు వచ్చేది కాదు!"

"ఒంటి మీద చొక్కా లేకుండా ఇంకో ఫొటో లేదు కదండీ. అయినా ఆట కదా పిన్నిగారూ, ఇంత పట్టింపా? కార్డులు పంచేశాం. సత్తిరాజుగారే ముఖ్య అతిథి. చూసి మురిసిపోయారు."

"మురిశారా!" అంది హన్నమ్మ. మూకుడులో పునుగులు నల్లగా మాడిపోయాయి. పొయ్యి కట్టేసింది.

తెల్లారి ఏలూరు బస్సెక్కి ఉంగుటూరులో దిగింది. సత్తిరాజు వరండాలో మోకాళ్ళు వాచిన కాళ్ళు స్టూలు మీద చాపుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఈలల మోత వీధిలోకి వినిపిస్తోంది.

"రండి రండి, చెల్లెమ్మా! మన వీడియో చూశారా?"

"చూశానండీ. మా ఆయన్ని పడగొట్టారుగా."

"నేనా? నేను కుర్చీలోంచి లేస్తేనా! అంతా కంప్యూటరండీ," అని పకపకా నవ్వాడు.

ఆయన భార్య బాలాత్రిపురసుందరి మంచినీళ్ళు తెచ్చింది. "నిన్నటి నుంచి అదే పనండీ వదినగారూ. అన్నానికి పిలిచినా పలకరు."

హన్నమ్మ గ్లాసు పుచ్చుకుంది గానీ తాగలేదు. "సరేనండీ, ఆటే అన్నారు కదా. ఇంకోటి కూడా చేయిద్దాం. అందులో మీరు పడాలి. మూతి పగలాలి. మీ మనవలు ముందు వరసలో కూర్చుని చూడాలి."

సత్తిరాజు నవ్వు ఆగిపోయింది. "నేనెందుకు పడతానమ్మా?"

"ఏం? ఎందుకు పడరు?"

"నా ఎడమ చెయ్యి సంగతి మీకు తెలీదు. ఆ రోజుల్లో నన్ను పడగొట్టినవాడు..."

"అదిగో! ఆటలోనైనా పడనంటున్నారు. మీకు నోరుంది, అంటున్నారు. ఆయనకేదండీ నోరు?"

"అడగండి వదినగారూ, బాగా అడగండి," అంది బాలాత్రిపురసుందరి గుమ్మానికి ఆనుకుని.

"నువ్వూరుకోవే!" అన్నాడు సత్తిరాజు.

హన్నమ్మ ఊరుకోలేదు. "ఆ ఫొటోలో వెనకాల నిలబడింది మీరే కదండీ. నిజం చెప్పండి. మీరెరిగిన నిత్యానందం అదేనా?"

ఆయన వీడియో ఆపి, ఫొటో తీసి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "కాదు," అన్నాడు. "అంతకు ముందు చలికాలంలో భీమవరంలో ఆడుతుంటే చూశాను. ఎద్దు మెడలా ఉండేది ఆ మెడ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

"ఆ మాట ఆదివారం అందరి ముందూ చెప్పండి."

"చెబితే నేను భయపడ్డానంటారమ్మా!"

"ఆయన్ని అనలేదాండీ ఇన్నేళ్ళూ?"

హన్నమ్మ గ్లాసు అరుగు మీద పెట్టి లేచింది. వెనక్కి చూడకుండా బస్సెక్కింది. చెప్తాడని ఆవిడకి నమ్మకం లేదు.

ఆదివారం ఏలూరులో హాలు నిండిపోయింది. హన్నమ్మ పనిగట్టుకుని రెండో వరసలో కూర్చుంది. ఆయన పడితే తన కళ్ళ ముందే పడాలి. పడేసినవాళ్ళు తన మొహం చూడాలి. దీపాలు ఆర్పారు. తెర మీద నిత్యానందం గోడంత ఎత్తున రింగులోకి దిగాడు. డొక్కలు ఎగరేస్తూ నిలబడ్డాడు. సత్తిరాజు వచ్చాడు. గంట మోగింది.

"ఆపవయ్యా!"

ఎవరో అర్థం కాలేదు. స్టేజీ మీద ముఖ్య అతిథి కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతున్నాడు. అనిల్ కుమార్ కంగారుగా వీడియో ఆపాడు. దీపాలు వెలిగాయి.

"మైకివ్వు," అన్నాడు సత్తిరాజు. "ఏమయ్యా అనిల్ కుమార్, పస్తున్న మనిషిని కొట్టి గెలిచానని చూపిస్తావా నువ్వు? అంతకంటే నన్ను తిట్టరాదూ? ఇంట్లో ఫోన్లో చూసి నేనూ మురిశాను. ఇంత పెద్ద తెర మీద ఆ డొక్కలు చూస్తే సిగ్గేసింది. నిత్యానందాన్ని నేను భీమవరంలో చూశాను. చూసి హడిలిపోయాను. ఇవాళ చెబుతున్నాను, రాసుకోండి. తూకం నాడు ఆయన పక్కనే ఉన్నాను. పళ్ళు తిని మళ్ళీ ఎక్కమంటే, ఆరాధనకి వేళయిందని చొక్కా తొడుక్కుని, బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుని వెళ్ళాడు. భయపడినవాడు అంత నిదానంగా బొత్తాలు పెట్టుకోడయ్యా!"

వెనక వరసల్లోంచి ఎవడో ఉండబట్టలేక అరిచాడు. "మరి ఎవరు గెలిచినట్టండీ?"

"ఎవరూ గెలవలేదు. మేం ఆడలేదు. ఆడని ఆటకి గెలుపేంటి?" అని సత్తిరాజు హన్నమ్మ వైపు చూశాడు. ఆవిడ తలూపింది. తెర మీద ఇద్దరూ ఎదురెదురుగా నిలబడే ఉన్నారు.

సోమవారం సాయంత్రం మళ్ళీ మూకుడు పొయ్యెక్కింది. అనిల్ కుమార్ కాస్త ఆలస్యంగా, తల వంచుకుని వచ్చి కూర్చున్నాడు. హన్నమ్మ అడక్కుండానే పొట్లం కట్టి చేతిలో పెట్టింది. కాసేపటికి బాబీయే నిన్నటి మాట ఎత్తాడు.

"అంతేలెండి పిన్నిగారూ. దిగి ఉంటే బాబాయిగారికీ సత్తిరాజుగారికీ డ్రా అయ్యేది."

"డ్రా ఏంట్రా?" హన్నమ్మ చిల్లుల గరిటె ఎత్తింది. నూనె చుక్కలు పడతాయేమోనని బాబీ పక్కకి గెంతాడు. "క్రిస్మస్ నెలలో పెట్టి ఉంటే సత్తిరాజుగారు రెండో రౌండు మొహం చూసేవారా అసలు?"

"అయ్యో, ఎవరూ గెలవలేదంటే నిన్న తలూపారు కదండీ!" అన్నాడు అనిల్ కుమార్.

"నిన్న ఆయన మర్యాద కోసం ఊపాను," అంది హన్నమ్మ. "ఇది నా బండి."