అలిగిన కిటికీ

శనివారం పొద్దున టైలరమ్మ కుట్టుమిషనుకి నూనె పట్టించి, పాత దుప్పటి చుట్టి, తాడు బిగించింది. ఆవిడ భర్త, ఊరంతా క్రేనాయన అని పిలిచే మనిషి, సాయం చేస్తున్నానంటూ అడ్డం పడుతున్నాడు. వంతెన పూర్తయింది. వంతెన కోసం బోల్టులు బిగించి నిలబెట్టిన ఊరు కాబట్టి సోమవారం నుంచి విప్పేస్తారు. బడి, ఆసుపత్రి, మ్యూజియంలు, వీధిదీపాలు అన్నీ లారీలెక్కి ఇంకో వంతెన దగ్గరికి పోతాయి. క్రేనాయనా వాటి వెనకే పోతాడు.

టైలరమ్మ మాత్రం ఈసారి అక్కయ్య దగ్గరికి వెళ్ళిపోతోంది. తట్టాబుట్టా సర్దుకుని ఊళ్ళు మారడం ఇక తన వల్ల కాదని ఎప్పుడో చెప్పేసింది. "నీ ఇష్టం" అన్నాడాయన. రమ్మనలేదు, వస్తాననీ అనలేదు. అది తల్చుకున్నప్పుడల్లా ఆవిడ ప్రాణం ఉసూరుమంటుంది. ఉన్న ఒక్క గదిలోనే గుమ్మానికి ఈ పక్క ఆవిడ సామాను, ఆ పక్క ఆయన సామాను.

"మ్యూజియంలు చూసొద్దామా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఇప్పుడు గుర్తొచ్చాయా?"

"రేపటితో మూసేస్తారటగా."

ఈ ఊరొచ్చిన వారానికే ఆవిడ అడిగింది. తర్వాత చూద్దాంలే అన్నాడు. మంచి మంచం కొందామన్నా, గోడకి రంగు వేద్దామన్నా వచ్చే ఊళ్ళో చూద్దాంలే అంటాడు. అయినా చెప్పులు వేసుకుని బయల్దేరింది.

వంతెన మ్యూజియంలో బొమ్మ క్రేను కాస్త వంకరగా ఉంది. క్రేనాయన అది మనసుకి పట్టించుకుని, కనబడ్డవాళ్ళందరికీ అసలుది ఎలా ఉంటుందో చేతులు చాపి చూపించాడు. పనిముట్ల మ్యూజియంలో చిరిగిన చేతితొడుగుల వరస చూసి టైలరమ్మ ఆగిపోయింది. సగానికి సగం ఆవిడ బాగుచేసినవే. "ఇది వెల్డరుది. ఎన్నిసార్లు కుట్టినా మళ్ళీ కాల్చుకొచ్చేవాడు" అని నవ్వింది. ఇంతలోనే ఆ మనుషులందరి మీదా బెంగ పట్టుకుంది.

మూడోది కిటికీల మ్యూజియం. ఊరు విప్పినప్పుడల్లా ఇంటికొక కిటికీ ఊడదీసి తెచ్చి ఇక్కడ పెడతారు. ఊడదీసిన గడియలో ఇంట్లో ఏం జరిగిందో అది అందులో జరుగుతూనే ఉంటుంది. కాపలా అతను రెక్కలు తుడుస్తూ, "తీసి చూడండి గానీ లోపలికి దూకకండి" అని పిల్లలని గదమాయిస్తున్నాడు.

"ఇది మన రెండో ఊరిది కదూ!" అంటూ టైలరమ్మ ఆత్రంగా రెక్క తీసింది.

లోపల మంచి ఎండ. ట్రంకుపెట్టె మీద ఓ పడుచుపిల్ల గోడవైపు తిరిగి కూర్చుంది. వెనక సన్నటి కుర్రాడు టీ గ్లాసుతో నిలబడ్డాడు.

"తాగవే, చల్లారిపోతోంది" అన్నాడు కుర్రాడు. ఆ పిల్ల పలకలేదు. అతను రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ వచ్చి అదే మాట అన్నాడు.

"అప్పుడు ఎందుకలిగానండీ?" అంది టైలరమ్మ.

"లారీలో పట్టదని నీ గులాబీ కుండీ పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను. నీకు చెప్పకుండా."

"వాళ్ళూ ఆ రోజే ఖాళీ చేశారు కదండీ!"

"అదే మరి."

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కిటికీలోకి వంగి, "ఏయ్ పిల్లా, పలకవే. పాపం, చెయ్యి లాగుతోంది అతనికి" అంది.

"వినబడదమ్మా. ఊడదీసినప్పుడెలా ఉంటే ఎప్పటికీ అలాగే ఉంటారు" అన్నాడు కాపలా అతను. "రేపు సాయంత్రం కిటికీ కోసం మీ ఇంటికే వస్తున్నాం."

క్రేనాయన నవ్వలేదు. ఆ కుర్రాణ్ణే చూస్తూ, "వీడొక్క మాట అనొచ్చుగా" అన్నాడు.

"ఏ మాట?"

ఆయన కిటికీ రెక్క మెల్లగా మూసేశాడు. ఆవిడ రెట్టించలేదు.

ఆదివారం సాయంత్రం ఇద్దరు మనుషులు స్పానర్లు పట్టుకుని వచ్చారు. "మీ పాటికి మీరుండండి, ఇట్టే అయిపోతుంది" అన్నారు. ఆవిడ తన సామాను దగ్గర నిలబడింది. ఆయన తన సామాను దగ్గర నిలబడ్డాడు. మధ్యలో గుమ్మం. ఒకతను కిటికీ బోల్టుకి స్పానరు తగిలించాడు.

"ఆగండి" అన్నాడు క్రేనాయన.

తన పెట్టె ఎత్తుకుని గుమ్మం ముందు నుంచి ఇటు వచ్చి, కుట్టుమిషను పక్కన దించి, దాని మీద కూలబడ్డాడు. ఆయాసపడుతూ, "నేనూ నీతో వస్తాను" అన్నాడు.

"మరి వంతెన?"

"వేరేవాళ్ళు కట్టుకుంటారు. మీ అక్కయ్య వాళ్ళ ఊళ్ళో క్రేన్లుండవా ఏం?"

"లేకపోతే?"

"నీ దగ్గర గుండీలు కుడతాను."

టైలరమ్మ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. స్పానరు మనిషి ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "విప్పమంటారా అమ్మా?" అన్నాడు.

"ఈ ఏడుపు మొహంతో వద్దు బాబూ, ఉండు" అని పెరట్లోకి వెళ్ళి, మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. ఆయన పెట్టె మీద ఆయన్ని కాస్త జరగమని, పక్కనే కూర్చుంది.

"ఊఁ, ఇప్పుడు విప్పండి" అంది.