తొమ్మిదో ప్రశ్నకు జవాబు

నేను ఒక పరీక్ష అట్టను. నవ్వకండి! పదో తరగతి గట్టెక్కిన మీరంతా నాలాంటి దాన్ని చంకలో పెట్టుకుని పరుగెత్తినవారే. చెక్కపొడిని గట్టిగా నొక్కి, గోధుమరంగు పలకలుగా కోసి, నెత్తిన ఒక స్టీలు క్లిప్పు బిగించి నన్ను దుకాణానికి పంపారు. ఆ క్లిప్పంటే నాకు కాస్త గర్వం.

నన్ను కొన్నది కెజియా వాళ్ళ అన్న. నా వీపు మీద పెన్సిలుతో లెక్కల సూత్రాలు రాసుకుని పరీక్షకు తీసుకెళ్ళాడు, దొరికిపోయాడు. వచ్చిన మాస్టారు అతణ్ణి వదిలేసి నన్ను కిటికీలోంచి విసిరికొట్టారు. రాసింది వాడు, మూల విరిగింది నాకు! మనుషుల న్యాయం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

తర్వాత కెజియా చేతికొచ్చాను. ఇంటర్ రెండో ఏడు. విజయవాడలో కొండవాలు మీద ఇల్లు, ఒకటే గది. అందులో అమ్మ ఎస్తేరమ్మ, ఆటో నడిపే నాన్న, అమ్మమ్మ, అన్న, రోజంతా మోగే టీవీ. అందుకని కెజియా సాయంత్రమయ్యేసరికి బయట మెట్టు మీద కూర్చుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని చదువుకునేది. పైకెళ్ళేవాళ్ళ బిందెల నీళ్ళు నామీద చిందుతూనే ఉండేవి.

ఒకరోజు యూనివర్సిటీ నుంచి సువర్చల మేడమ్ వచ్చింది. సైకాలజీలో పరిశోధన చేస్తోంది. పట్నం బస్తీల్లో పెరిగే పిల్లల మనసులకు ఏది ధైర్యమిస్తుందో, ఏది కుంగదీస్తుందో పిల్లల్నే అడిగి తెలుసుకోవాలట. కొండ మీద ఎప్పుడూ తాళం వేసుండే కమ్యూనిటీ హాలు ఒకటుంది. ఆమె నివేదిక చూసి, దాన్ని సాయంత్రాలు చదువుకోవడానికి పిల్లలకివ్వాలో వద్దో తేలుస్తామని బస్తీ కమిటీ మాటిచ్చింది. ఆ మాట విన్నప్పట్నుంచీ కెజియా కళ్ళు ఆ తాళం మీదే.

"రేపు ఆదివారం పది గంటలకి హాలు ముందుకి రండి. కొన్ని ప్రశ్నలిస్తాను, జవాబులు రాయాలి. బల్లలు లేవు, అట్టలు తెచ్చుకోండి," అంది మేడమ్. కొంప మునిగింది అక్కడే! అట్ట తెచ్చుకోమంటే మన పిల్లలకు పరీక్షని కాక ఇంకేం అర్థమవుతుంది? తలంటుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, రెండేసి పెన్నులతో దిగారు ముప్పై రెండు మంది. నాగూర్ అనేవాడు జామెట్రీ బాక్సు కూడా తెచ్చాడు.

కెజియా తరగతి ఫస్టు కదా, అందరి మెడలూ ఇటే సాగాయి. మేడమ్ కాగితాలు తిరగేసి తల పట్టుకుంది. ముప్పై రెండూ ఒకటే! నాన్న ఏం చేస్తారంటే ముప్పై రెండు మంది నాన్నలూ ఆటో డ్రైవర్లే. తొమ్మిదో ప్రశ్న, 'మీకు ప్రశాంతంగా చదువుకునే చోటు ఉందా?' అందరూ 'ఉంది' అనే రాశారు. ఇదే నివేదికలోకి వెళితే హాలు ఎవరికి కావాలి? రోజూ ఆ మెట్టు మీద నాని చచ్చేదాన్ని నేను. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ అట్టకు నోరుంటేగా!

మర్నాడు మేడమ్ పిల్లల్ని మెట్ల మీదికి పిలిచింది. "ఈసారి అట్టలూ వద్దు, పెన్నులూ వద్దు. ఊరికే మాట్లాడుకుందాం," అంది. కెజియా మాత్రం నన్ను కింద వేసుకుని కూర్చుంది.

"వద్దన్నాను కదా, అట్టెందుకు?"

"మెట్టు కాలుతుంది మేడమ్. రోజూ ఇక్కడేగా చదివేది."

"మరి 'ఉంది' అని రాశావేంటి?"

కెజియా తల దించుకుంది. "లేదని రాస్తే మా అమ్మనంటారుగా, పిల్లకి చోటు కూడా ఇవ్వలేదని."

నాగూర్ చెయ్యెత్తాడు. "నేను కెజియాని చూసి రాశా మేడమ్. మా నాన్న ఆటో కాదు, టైల్సు పని. ఇంకోటి, మీ ప్రశ్నల్లో మేం అడగాలనుకున్నవి ఒక్కటీ లేవు."

"అయితే మీరే తయారుచేయండి," అందావిడ. చేశారు! తొమ్మిదోది మాత్రం మార్చలేదు. ఇంటింటికీ వెళ్ళి ఒక్కొక్కళ్ళనీ విడిగా అడిగారు. కాగితాలు మోసింది నేనే.

ఆ ఒక్క రోజుకి తాళం తీయించి బస్తీ అంతా హాల్లో కూర్చున్నప్పుడు ఫలితాలు కెజియా చదివింది. ఒక్కో కాగితం లాగినప్పుడల్లా నా క్లిప్పు టకటకలాడింది. మూడో వరసలో ఎస్తేరమ్మ. తొమ్మిదో ప్రశ్న దగ్గర పిల్ల అమ్మవైపు చూసింది. నాకూ భయమేసింది.

"చదువుకునే చోటు లేనివాళ్ళు ఇరవై తొమ్మిది మంది," అంది చివరికి. తర్వాత మెల్లగా, "అందులో నేనూ ఉన్నా," అంది.

ఎస్తేరమ్మ లేచి నిలబడింది. "ముప్పై అని రాయవే! నాకూ లేదు కాసేపు కూర్చునే చోటు. నిన్ను ఆ మెట్టు మీద చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోయేది. అడిగితే ఏమంటావోనని అడగలేదే, తల్లీ."

ముందు అందరూ నవ్వారు, తర్వాత చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. కమిటీ పెద్దాయన జేబులోంచి తాళంచెవి తీసి కెజియా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు హాల్లో బల్లలున్నాయి, కెజియాకి నాతో పనిలేదు. తలుపు పక్కన మేకుకి వేలాడుతూ హాజరు కాగితం పట్టుకుని ఉంటాను. పిల్లలు సంతకాలు పెట్టి లోపలికెళతారు. ఎవరూ అడగకపోయినా, అన్నిటికంటే కింద రోజూ వంకర అక్షరాలతో ఇంకో సంతకం పడుతుంది, ఎస్తేరమ్మ అని. ఇంతవరకూ ఒక్కరోజు కూడా మానని విద్యార్థి ఆవిడే.